గోవిందయ్య బండికి మంచినీటి సౌకర్యం

మా ఊళ్ళో గోవిందయ్య గారి బండికి శాశ్వత ప్రాతిపదికన మంచినీటి సౌకర్యం కల్పించబడినదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మనుషుల సంగతి పరిశీలనలో ఉన్నది.

మా ఊరు కొనకనమిట్ల దాటినాక వస్తుంది. పేరు చెప్పనవసరం లేదు. మార్కాపురం బస్టాండులో మావాడు నోరు తెరిస్తే చాలు, పళ్ళ మీద గార చూసి కండక్టర్ అడక్కుండానే టికెట్టు కొట్టేస్తాడు. ఇంతటి గుర్తింపు ఏ కార్డుకూ లేదు. కూర్చున్న చోటి నుంచి మావాళ్ళు మూడు వాయిదాల్లో లేస్తారు. మొదటి వాయిదాకు గోడ పట్టుకోవాలి, రెండోదానికి మోకాలు పట్టుకోవాలి, మూడోదానికి ఎవరినైనా తిట్టుకోవాలి. ఇదంతా బోరు నీళ్ళ వల్లనేనని గిట్టనివాళ్ళు అంటారు. మేం మాత్రం వయసు అంటాం. అరవైకి రావలసిన వయసు మాకు నలభైకే వస్తుంది. మాది వెనకబడిన ప్రాంతమనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

గోవిందయ్య ఇంట్లో తాగేవి మామూలు నీళ్ళు కావు. ఆయన నాయన ఆరు బోర్లు వేసి ఆరింటిలోనూ దుమ్మే చూసి, ఏడోది ఏడువందల అడుగులు దింపితే పడిన నీళ్ళు. అంత లోతు నుంచి ఎక్కి వచ్చేసరికి ఆ నీళ్ళు అలిసిపోయి, కుళాయి మూతి దగ్గర కాసేపు కూర్చుని ఊపిరి పీల్చుకుని గానీ బిందెలోకి దిగేవి కావు. నేను కళ్ళారా చూశాను. ఆ నీళ్ళలో కందిపప్పు వేస్తే మధ్యాహ్నం దాకా కుతకుతలాడి, చివరికి వేసింది వేసినట్టే బయటికి వచ్చేది.

ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఆరేళ్ళుగా ఒకటే కోరిక కోరుతోంది. నగలు కాదు, చీరలు కాదు. రోజుకొక నీళ్ళ క్యాను.

"పక్కూళ్ళో అందరూ తెప్పించుకుంటా ఉండారు గదయ్యా. నాకు మోకాళ్ళు వంగడం లేదు."

"మా నాయన వేసిన బోరే అది. ఆ నీళ్ళు కాదని కొనుక్కొని తాగితే పైనున్న నాయన ఏమనుకుంటాడు?"

"మామ కూడా యాభై నిండకముందే కర్ర పట్టినాడు."

"అది కర్ర కాదే. పెద్దరికం."

ఇట్లా ఆ అర్జీ ఏటేటా తిరస్కరించబడుతూ వచ్చింది.

అంతలో గోవిందయ్య బండి కొన్నాడు. ఏడుగురు ఎక్కే పెద్ద బండి. కంపెనీ పేరు చెప్తే ప్రకటన అనుకుంటారు, చెప్పను. ఇరవై ఏళ్ళ పాటు ఎక్కడెక్కడో తిరిగి, చివరికి గిద్దలూరు దగ్గర ఒక కాంట్రాక్టరు దొడ్లో ఎండకు ఎండుతున్నదాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. ఎద్దులు పోయాక ఖాళీగా ఉన్న కొట్టంలో నిలబెట్టాడు. బానెట్ ఎత్తితే లోపల ఒక కోడి పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. గుడ్లు పిల్లలయ్యేదాకా మరమ్మతు వాయిదా వేశారు. ఆ పిల్లలు పెద్దవై కూడా "కొక్కొరొకో" అనడానికి బదులు స్టార్టు కాని ఇంజన్‌లాగా దగ్గేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

తర్వాత ఊరంతా ఇంజనీర్లయ్యారు. ఒకరు ఉప్పుకాగితం పట్టుకుని పాత రంగు గీకారు, ఒకరు సొట్టలకు పుట్టీ పెట్టారు, మిగతావాళ్ళు తప్పులు చెప్పారు. తలుపు మీద గీకగా గీకగా కింద నుంచి పాత అక్షరాలు బయటపడ్డాయి. "తాగునీటి పరీక్ష. విధి నిర్వహణలో." అంటే మా నీళ్ళు పరీక్షించడానికి ఒకప్పుడు ఏదో శాఖవారు వాడిన బండే ఇది! ముందు అరలో మూత తీయని సీసా ఒకటి దొరికింది. దాని మీద మా ఊరి పేరు, పద్నాలుగేళ్ళ కిందటి తేదీ ఉన్నాయి. అడుగున వేలెడు మందాన సుద్ద పేరుకుంది. మా ఊరి నీళ్ళు పద్నాలుగేళ్ళు సర్కారు బండిలో తిరిగాయని తెలిసి అందరికీ గర్వమేసింది. మాజీ సర్పంచ్ వెంకటసుబ్బయ్య గారు సీసాకు దండ వేసి, పంచాయతీ ఆఫీసులో పెట్టించారు. పరీక్ష ఫలితం ఇంకా రావలసి ఉన్నది.

ఇంజన్ పని కోసం మార్కాపురం నుంచి మెకానిక్ ఏబేలును పిలిపించారు. అతను రేడియేటర్ విప్పి, గొట్టాల్లోకి చూసి, నెత్తి పట్టుకున్నాడు. లోపలంతా తెల్లగా గార కట్టి ఉంది.

"ఇందులో ఏం నీళ్ళు పోస్తా ఉండారన్నా?"

"మా బోరు నీళ్ళే. వచ్చినప్పటి నుంచి పోస్తానే ఉండాం."

"అయ్యో, ఈ నీళ్ళు పనికిరావన్నా! ఇనుమే తట్టుకోలేకపోయింది. ఇంక ఒక్క చుక్క కూడా పోయొద్దు. క్యాన్ నీళ్ళు తెప్పించి, గుడ్డలో వడగట్టి పోయండి. రేడియేటర్‌కు మాటు వేస్తా గానీ, పాతది గదా, కొంచెం కారతానే ఉంటది. రోజూ నింపాల్సిందే. తుడిచేదానికి గూడా అవే వాడండి. బోరు నీళ్ళతో కడిగితే రంగు మీద మచ్చలు పడతాయి."

అందరూ శ్రద్ధగా విన్నారు. వెంకటసుబ్బయ్య గారు లేచి, అదీ మూడు వాయిదాల్లోనే లేచి, సందర్భోచితంగా మాట్లాడారు. "సోదరులారా! ఇనుము ఓడిపోయిన చోట మనం తరతరాలుగా నిలబడినాం. ఈ గడ్డ మీద పుట్టిన మనిషి ముందు ఇనుమెంత? అయినా బలహీనులను ఆదుకోవడం మన ధర్మం. బండికి మంచినీళ్ళు ఇవ్వాల్సిందే." చప్పట్లు మోగాయి. మోచేతులు వంగనివాళ్ళు నోటితోనే భళా అన్నారు.

మర్నాటి నుంచి ఆటోలో రోజుకొక క్యాను రావడం మొదలైంది. నాయనకు అవమానం కాదా అని లక్ష్మీనరసమ్మ అడిగింది.

"నాయన బోరు వేసింది మనుషులకు. బండికి కాదు గదా" అన్నాడు గోవిందయ్య.

 నీళ్ళు వడగట్టే పని లక్ష్మీనరసమ్మే తీసుకుంది. క్యాను వంటింట్లోకి వెళ్ళేది. కాసేపటికి ఆమె బిందెతో బయటికొచ్చి రేడియేటర్ నింపేది. మిగిలిన నీళ్ళతో అద్దాలు కడిగి, మచ్చ పడకముందే మొగుడి పాత పంచెతో తుడిచేసేది. గోవిందయ్య కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ పర్యవేక్షించేవాడు. పొద్దున్నే అరగంట ఇంజన్ నడిపి ఆ చప్పుడు విని సంతోషపడేవాడు.

ఆ తర్వాత ఆరు నెలలు ఆ ఇంట్లో సుఖశాంతులు వెల్లివిరిశాయి. ఒకరోజు భోజనం దగ్గర గోవిందయ్య నాతో అన్నాడు. "చూసినావా మామా, ఈ మధ్య పప్పు వెన్న మాదిరి ఉడుకుతా ఉంది. కాఫీ గూడా రుచి మారింది. బండి వచ్చిన వేళావిశేషం!"

లక్ష్మీనరసమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. నేను తిన్నాను. తినేటప్పుడు మాట్లాడకూడదని మా పంతులుగారు నేర్పారు.

బండి మార్కాపురం ప్రయాణానికి ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ముందు సీట్లో వెంకటసుబ్బయ్య గారు కూర్చున్నారు. ఊరు దాటి మిట్ట ఎక్కుతుండగా బానెట్ కింద నుంచి ఆవిరి ఎగిసింది. ఆ మిట్ట మీద ఒక మేఘం ఏర్పడి, మూడేళ్ళుగా వాన చూడని గోవిందయ్య చేలో నాలుగు చినుకులు కూడా రాలాయి. బండి మాత్రం ఆగిపోయింది. ఏబేలు మోటార్ సైకిల్ మీద వచ్చి రేడియేటర్ విప్పాడు. లోపల సున్నం కొట్టినట్టుంది.

"ఇవి క్యాన్ నీళ్ళు కానే కావన్నా. ఎవరో మోసం చేసినారు."

బండిని తిరిగి ట్రాక్టరుతో కొట్టానికి చేర్చాక లక్ష్మీనరసమ్మే చెప్పింది. "మోసం ఏముంది? బండికి పోసింది మామ వేసిన బోరు నీళ్ళు. నువ్వు ఆరు నెలలుగా తాగతా ఉండేది బండి నీళ్ళు."

పంచాయతీ కూర్చుంది. బండికి జరిగిన అన్యాయానికి ఆడా మగా కళ్ళు తుడుచుకున్నారు. వెంకటసుబ్బయ్య గారు అన్నారు. "నోరు లేని బండి నోట్లో విషం పోస్తావా తల్లీ?"

"నోరుండేదాన్ని ఆరేండ్లు అడిగితిని మామా. నోరు లేనిదానికే ఇస్తిరి."

విషం అన్న మాట వెంకటసుబ్బయ్య గారి నోట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. దాన్ని రికార్డులో రాయలేదు. విచారణ ముగిసే వరకు క్యాను నిలిపివేయాలని తీర్మానించారు.

ఆ మధ్యాహ్నం గోవిందయ్య చెంబుతో నాయన బోరు నీళ్ళు తీసుకుని ఒక్క గుక్క తాగాడు. మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలు ఉబ్బించుకుని గోడ మీది నాయన ఫొటో వంక చాలాసేపు చూశాడు. నాయన ఏమీ సాయం చేయలేదు. అప్పుడు దొడ్లోకి వెళ్ళి ఉమ్మివచ్చి, ఏబేలుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి ఏబేలు పంచాయతీ ముందు తన నిర్ణయం ప్రకటించాడు. బండికి చాలా పెద్ద పని ఉంది. ఎప్పటికి అవుతుందో చెప్పలేం. అప్పటిదాకా క్యాను ఒక్కరోజు కూడా ఆపకూడదు. రోజుకు రెండైతే మరీ మంచిది.

ఈ విధంగా నాయన గౌరవం నిలబడింది. బండి కొట్టంలో ఉంది, రేడియేటర్ విప్పి దూలానికి వేలాడదీశారు, క్యాన్లు వంటింట్లోకి వెళుతున్నాయి. లక్ష్మీనరసమ్మ ఇప్పటికీ మూడు వాయిదాల్లోనే లేస్తుంది గానీ, మూడోదానికి ఎవరినీ తిట్టడం లేదు.

నాయనలూ, నాయనల బోర్లూ అందరికీ ఉంటాయి గదా. ఏడాది తిరిగేసరికి మా ఊళ్ళో ఇంటికొక పాత బండి వచ్చింది. ఒక్కటీ కదలదు. వెంకటసుబ్బయ్య గారి బండికైతే చక్రాలే లేవు, అయినా రోజుకు మూడు క్యాన్లు తాగుతుంది. ఏ ఇంట్లో చూసినా పప్పు మెత్తగా ఉడుకుతోంది.

మీరెప్పుడైనా మా వైపు వస్తే, ఎండకు దాహమైతే, మంచినీళ్ళు మీకని అడగకండి, ఆ అలవాటు ఇక్కడ లేదు. బండికని అడగండి, చెంబు కడిగి మరీ ఇస్తారు.