మాస్కు వెనక మూడు తరాలు

కరోనా కాలంలో ప్రజలు పొందిన అనుభవాలు వృథా కాకూడదని అనుభవాల పరిరక్షణ మండలి చైర్మన్ పద్మనాభయ్య గారు నెల్లూరులో ప్రకటించారు. ఒకే ఇంట్లోని మూడు తరాలను ఒకే వేదిక ఎక్కించి మాట్లాడిస్తారట. ఇంత గొప్ప ఆలోచన కరోనా ఉన్నప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం విలేకరిగా నాకు దక్కింది.

వేదిక విడవలూరు మండలంలోని ఒక పట్టపుపాలెం, సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. సభ రోజున ఎవరూ వేటకు పోకూడదని ఊరికి పెద్దయిన పెద్దకాపు ఆదెయ్య దురాయి అనే కట్టుబాటు వేశాడు. పాలెంలో దురాయి పడితే ఇక తిరుగులేదు. కరోనాలో బయటివాళ్లు ఊళ్లోకి రాకూడదని వేసిన దురాయికి, నెల్లూరులో కేసులు పెరిగాయని తలదాచుకోవడానికి వచ్చిన చైర్మన్ గారి కారు కూడా పొలిమేర నుంచే వెనక్కి పోయింది. చైర్మన్ గారు అదేమీ మనసులో పెట్టుకోలేదు. ఆ కారు ఊరిని ఆదుకోవడానికే వచ్చిందని సభ కరపత్రంలో వేయించారు.

సభకు ముందు తుఫాను షెల్టర్ వరండాలో రిహార్సల్ జరిగింది. ఎంపికైన ఇంట్లో డిగ్రీ చదివే మనవరాలు రేవతి మొదలుపెట్టింది.

"ఆన్‌లైన్ క్లాసుల కోసం ఈ డాబా ఎక్కేదాన్ని సార్. ఈడ మాత్రమే సిగ్నల్ వచ్చేది."

"సముద్రపు గాలిలో చదువు. భేష్" అన్నారు చైర్మన్ గారు.

రేవతి తండ్రి చిన్నబాబు లేచాడు. "పట్టిన చేపలు కొనేవాళ్లు లేరు సార్. పూటపూటకీ అవే తిన్నాం."

"పౌష్టికాహారం. ఇది రెండుసార్లు చెప్పు."

చివరికి చిన్నబాబు తల్లి మస్తానమ్మ వంతు వచ్చింది.

"మా ఆయన పోలేరయ్యను అంబులెన్సులో ఎక్కించుకోని పోయినారు నాయనా. మూడోనాడు పోయినాడని ఫోన్ చేసినారు. యాడ పూడ్చినారో చెప్పలేదు. ఏటా ఆ దినం పూడ్చిన కాడ పులుసన్నం, బీడీలు పెట్టాల గదా. యాడ పెట్టేది? అలల కాడ పెడతా ఉండా. కాకులు తింటా ఉండాయి."

చైర్మన్ గారు చాలాసేపు ఆలోచించారు. అంత లోతుగా ఆలోచించే నాయకుణ్ణి నేను చూడలేదు.

"అమ్మా, ఇది అనుభవం కాదు, ప్రశ్న. మాది అనుభవాల మండలి. ప్రశ్నలు మా పరిధిలోకి రావు."

"అయితే ఎవురిని అడిగేది?"

"సభలో చైర్మన్ సార్ పక్కనే ఉంటావు గదక్కా, అప్పుడు మెల్లిగా అడుగుదువులే" అన్నాడు ఆదెయ్య.

చైర్మన్ గారి మేధస్సు ఇక్కడే వికసించింది. కరోనా వాతావరణం కళ్లకు కట్టాలంటే వేదిక మీద అందరికీ మాస్కులు ఉండాలన్నారు. మాస్కు ఉన్నవాళ్ల నోరు ఎటూ కనపడదు కాబట్టి, మాటలు ముందే రికార్డు చేయిస్తే సమయం కలిసొస్తుందన్నారు. మస్తానమ్మ గొంతు కోసం సంగం ఊరి నుంచి నాటకాల ఆవిణ్ణి పిలిపించారు. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మైక్ సెట్ పెంచలకృష్ణ చేతికిచ్చారు.

సభ దివ్యంగా సాగింది. మాస్కు వెనక మస్తానమ్మ ఊరికే నిలబడి ఉండగా, స్పీకరు పెట్టెల్లోంచి ఆమె గొంతు "ఆ రోజులే బాగుండాయి" అని ముచ్చటపడింది. తర్వాత చైర్మన్ గారు రెండు మాస్కులు పెట్టుకుని మైకు ముందుకొచ్చారు. అంత మందపాటి గుడ్డ అడ్డున్నా ఒక్క అక్షరం నలగలేదు. "కష్టకాలంలో మీ గడప గడపకూ..." అని చెయ్యి పైకెత్తారు. అంతలో కరెంటు పోయింది.

చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. సముద్రం మోత వినపడసాగింది.

మస్తానమ్మ మాస్కు తీసి, చైర్మన్ గారికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా ఆయన్ను యాడ పెట్టినారయ్యా? తావు చెప్తే చాలు. ఇంకేం అడగను."

గొంతు పెంచకుండానే అడిగినా చివరి వరస దాకా వినిపించింది. చైర్మన్ గారు చెయ్యి దించి పెంచలకృష్ణ వైపు చూశారు. పెంచలకృష్ణ జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. చైర్మన్ గారు మాస్కులు సర్దుకున్నారు. మస్తానమ్మ కదల్లేదు.

జనరేటర్ అందుకుంది. చైర్మన్ గారి చెయ్యి మళ్లీ లేచింది.

"ఏ సందేహమున్నా మొహమాటపడకుండా అడగండి" అన్నాయి పెట్టెలు. "జవాబు చెప్పనిదే ఇక్కడి నుంచి అడుగు కదపను."

మస్తానమ్మ చేతులు కట్టుకుని, ఆ మాట తర్వాతి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

చప్పట్లు మిన్నంటాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. పాలెం జనం చేతులు ఒళ్లోనే ఉన్నాయి.