క్రౌజ్ గారి బంకులో పెట్రోలు లేదు

శనివారం నాటి ఏర్పాటు చాలా సులువైనది. ఎల్డెన్ క్రౌజ్ నున్నగా గడ్డం గీసుకుని, వాళ్ల నాన్న కాలం నాటి ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడకు నల్ల బో టై కట్టుకుని, షెడ్డు ముందున్న ఎర్ర పెట్రోలు పంపు పక్కన నిలబడాలి. పెళ్లికి వచ్చినవాళ్లు అతనితో ఫోటోలు దిగుతారు. అతను నవ్వాలి. అంతకు మించి ఏమీ చెయ్యకూడదు.

"మాట్లాడకూడదా?" అన్నాడు ఎల్డెన్, గుడ్డుముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగి.

"నవ్వితే చాలు నాన్నా. ఆ గాజు బుడ్డి కథ మాత్రం ఎవరికీ చెప్పకు," అంది కూతురు రోండా.

"బుడ్డి కాదే, గ్లోబు. పంపు నెత్తిన వెలుగుతుంది చూడు, అదీ. దాన్ని నేను నెబ్రాస్కాలో మంచు తుపానులో..."

"అదిగో, మొదలుపెట్టావు."

ఎల్డెన్ భార్య మార్వా పొయ్యి దగ్గర నిలబడి బీరాకులనే బన్నులు కాలుస్తోంది. క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన ఆ బన్నులు లేకుండా వాళ్ల ఊరు ప్లమ్ క్రీక్‌లో పెళ్లీ జరగదు, చావూ జరగదు. ముందు రోజు పొద్దున నిలబడ్డ మనిషి, మధ్యలో కాసేపు పడుకుందేమో గాని, కూర్చున్నట్టు మాత్రం ఇంట్లో ఎవరూ చూడలేదు. మోకాళ్లు రెండూ బన్నుల్లాగే పొంగి ఉన్నాయి.

ఎల్డెన్ వాళ్ల నాన్నకు ఒకప్పుడు ఊరి మొదట్లో పెట్రోలు బంకు ఉండేది. పెద్ద రోడ్డు పక్కకు జరిగిపోయాక బంకూ పోయింది, ఆయనా పోయాడు. అప్పటినుంచి ఎల్డెన్ కాన్సాస్ నలుమూలలా తిరిగి, మూతపడ్డ బంకు కనిపిస్తే చాలు, దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. పంపులు, రేకు బోర్డులు, నూనె డబ్బాలు, గాజు గ్లోబులు, గాలి కొట్టే మిషన్లు. ఆఖరికి మరుగుదొడ్డి తాళంచెవి, దాన్ని ఎవరూ జేబులో వేసుకు పోకుండా కట్టిన కర్రమొద్దుతో సహా. ఏరుకొచ్చేది ఎల్డెన్. దుమ్ము దులిపేది మార్వా. నలభై ఏళ్లుగా వాళ్ల కాపురంలో పనులు ఇలాగే పంచుకున్నారు.

చివరికి మార్వా చీపురు కింద పడేసింది. వేలంపాట గార్లెండ్‌కి కబురు పెడతానంది. అప్పుడు రోండా మధ్యలో దూరి, ఈ రేకులన్నీ తుడిచి దీపాలు పెడితే పెళ్లిళ్లకు అద్దెకివ్వొచ్చని, పట్నంలో జనం ఇలాంటి చోట్ల కోసం పడి చస్తున్నారని చెప్పింది. వంటింటి బల్ల మీదుగా మొగుడూ పెళ్లాం చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. మొదటి పెళ్లి మన షెడ్డులో సవ్యంగా జరిగితే సామాను ఉంటుంది. జరక్కపోతే సోమవారం గార్లెండ్ లారీ వస్తుంది. చేతులు కలిపాక మాట తప్పినవాణ్ణి ప్లమ్ క్రీక్‌లో కాఫీకి కూడా పిలవరు.

ఆ మొదటి పెళ్లే ఇవాళ్టిది. పెళ్లికూతురు షెల్బీ. పెళ్లికొడుకు ట్రెంట్, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క నిజం పెట్రోలు బంకు యజమాని డ్వెయిన్ కొడుకు. డ్వెయిన్ ఆ రోజు బంకు మూసి, 'మావాడి పెళ్లి, రేపు రండి' అని అట్ట మీద రాసి తలుపుకు వేలాడదీశాడు. తర్వాతి బంకు కావాలంటే గంట ప్రయాణం.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఫోటోల్లో దీపాలన్నీ వెలుగుతూ కనిపించాలని షెల్బీ కోరిందని రోండా తండ్రితో అంది. ఆమె ఉద్దేశం షెడ్డులో దీపాలు. ఎల్డెన్ మాత్రం రోడ్డు మీది ఎత్తైన స్తంభం దగ్గరికి వెళ్లి, ముప్ఫై ఏళ్లుగా వెలగని పెద్ద బోర్డు మీట నొక్కాడు. అది రెండుసార్లు రెప్పలార్చి, బుర్రుమంటూ వెలిగింది. 'పెట్రోలు, గ్యాలన్ ముప్ఫై రెండు సెంట్లు.' వాళ్ల నాన్న కాలం నాటి ధర అది. పనిలో పనిగా వాకిలికి అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టం కూడా పరిచాడు. దాని మీద టైరు ఎక్కితే షెడ్డు గోడకున్న గంట టింగుమంటుంది. వచ్చే అతిథులకు సరదాగా ఉంటుందనుకున్నాడు.

మొదట టింగుమనిపించినవాడు అతిథి కాడు. ఓక్లహోమా నుంచి పెళ్లాం పిల్లలతో వెళుతున్న లావుపాటి మనిషి. ముల్లు అడుగంటిన బండితో డ్వెయిన్ బంకు దాకా వెళ్లి, అట్ట చదువుకుని, తిట్టుకుంటూ వస్తున్నవాడికి ఆ బోర్డు కనిపించింది. ధర చూసి ఏదో ఉత్సవం తాలూకు తగ్గింపు అనుకున్నాడు. గట్టిగా అడిగితే కాదంటారేమోనని అడగలేదు.

గంట వినపడగానే ఎల్డెన్ బుద్ధి ఎక్కడుందో గాని, కాళ్లు మాత్రం పరుగెత్తాయి. చిన్నప్పుడు ఆ గంటకు ఒక్క క్షణం ఆలస్యమైతే తండ్రి వీపు పగలగొట్టేవాడు.

"నిండుగా కొట్టమంటారా?" అంది అతని నోరు.

"నిండుగా కొట్టు పెద్దాయనా," అన్నాడు ఓక్లహోమా మనిషి.

అప్పుడు గుర్తొచ్చింది ఎల్డెన్‌కి, పంపులో చుక్క లేదని. కాని వాకిట్లోకి వచ్చినవాడికి లేదని చెప్పడం వాళ్ల వంశంలో లేదు. చెప్పడానికి ముందు కాస్త అద్దం తుడుద్దామనుకున్నాడు. అద్దం తుడిచాడు. ముందు మూత ఎత్తి ఆయిలు చూశాడు. టైర్లలో గాలి చూశాడు. తుడవడానికి, చూడడానికి బండిలో ఇంకేమీ మిగల్లేదు.

"కాసేపు పడుతుంది బాబూ. బండి పక్కన పెట్టి, పిల్లల్ని తీసుకుని లోపలికెళ్లండి. నిమ్మరసం ఉంది," అన్నాడు. ఇంతలో మళ్లీ టింగుమంది.

లోపల గుమ్మం దగ్గర మార్వా నిలబడి ఉంది. "పెళ్లికూతురు వైపా, పెళ్లికొడుకు వైపా?" అని నవ్వుతూ అడిగింది.

ఓక్లహోమా మనిషి పెళ్లాం వైపు చూశాడు. ఆమె మార్వా మోకాళ్ల వైపు చూసింది. ఇంత వాచిన కాళ్లతో నిలబడి ఆప్యాయంగా అడుగుతున్న ముసలామెకు, ఏ వైపూ కాదని ఎలా చెబుతారు?

"పెళ్లికూతురు వైపు," అంది ఆమె.

"అందుకే! ఆ ముక్కు చూడగానే అనుకున్నా," అంటూ మార్వా తలో రెండు బీరాకులు వడ్డించి, ముందు వరుసలో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లదీ అదే వరస. పెట్రోలు కోసం వచ్చినవాళ్లు అద్దం తుడిపించుకుని, లోపలికొచ్చి, ఏదో ఒక వైపు ఎంచుకుని, బన్నులు తిన్నారు. అసలు అతిథులు ఊళ్లోంచి వచ్చేసరికి వాకిలి ముందు బండ్ల వరుస ఉంది. వరుస కనిపిస్తే దాని చివర నిలబడడం ప్లమ్ క్రీక్ జనానికి తల్లి ఒడిలోనే అబ్బుతుంది. హారను కొట్టడం తప్పు. దిగివెళ్లి ఇది దేనికని అడగడం ఇంకా తప్పు, ముందున్నవాళ్లను తొందరపెట్టినట్టుంటుంది. ముందువాళ్లకు తెలిసే ఉంటుందిలే అని ప్రతివాడూ అనుకున్నాడు. అందరూ కిటికీలు దించుకుని, ఈ ఏడు గోధుమ ఎలా ఉంది, కోతకు వానలు పడనిస్తాయా అని మాట్లాడుకోసాగారు. పాస్టరు గారు కూడా ఆ వరుసలోనే, గడ్డి మోపుల బండి వెనక ప్రార్థన చేస్తున్నట్టు కళ్లు మూసుకుని ఉన్నారు. అది నిద్ర.

అందరికంటే వెనక పెళ్లికూతురి కారు ఆగింది.

"నాన్నా, పక్కనుంచి దూరిపో," అంది షెల్బీ, ముసుగు ఎత్తి.

"వీళ్లు మనకంటే ముందొచ్చారమ్మా," అన్నాడు తండ్రి మెర్ల్.

"నా పెళ్లి నాన్నా!"

"అందుకే మరీ బాగుండదు. పెళ్లిరోజునే వరుస తప్పిందంటారు."

లోపల రోండా షెడ్డంతా నిండిపోవడం చూసి పొంగిపోయింది. "చూశావా అమ్మా! కుర్చీ ఖాళీ లేదు."

"నువ్వు పిలిచినవాళ్లకంటే ఎక్కువే వచ్చారు. బీరాకులు అయిపోయాయి," అంది మార్వా.

"పాస్టరు గారేరి?"

"రాలేదు."

"షెల్బీ?"

"రాలేదు. పెళ్లికొడుకూ రాలేదు, వాళ్లమ్మా రాలేదు. వాళ్లు తప్ప అందరూ వచ్చారు."

రోండా ముందు వరుసలో కూర్చున్న ఓక్లహోమా ఆవిడ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది. "షెల్బీకి మీరేమవుతారండీ?"

"షెల్బీ అంటే..." అంటూ ఆవిడ మొగుడి వంక చూసింది. "మేం పెట్రోలుకి వచ్చామమ్మా. ఆ తల్లి ప్లేటు చేతిలో పెడితే కాదనలేకపోయాం."

బయట వరుసలో డ్వెయిన్ లారీ పంపు దాకా వచ్చింది. పక్క సీట్లో పెళ్లికొడుకు ట్రెంట్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఎల్డెన్ అప్పటికే వాళ్ల అద్దం తుడుస్తున్నాడు. బో వదులై చెవి కిందికి వచ్చింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఎల్డెన్, ఏం చేస్తున్నావయ్యా?"

"అద్దం."

"అద్దం సరే. ఈ జనమంతా ఎవరు?"

"పెట్రోలుకి వచ్చారు."

"నీ దగ్గరుందా పెట్రోలు?"

"లేదు."

"మరి లేదని చెప్పి ఏడవొచ్చుగా!"

"చెబుదామనే. అద్దం అయ్యాక చెబుదామని. అద్దం అయ్యేలోగా ఇంకొకడు టింగుమంటున్నాడు డ్వెయిన్," అన్నాడు ఎల్డెన్, పూర్తిగా అలిసిపోయిన గొంతుతో.

డ్వెయిన్ ముందు బోర్డు చూశాడు. తర్వాత వరుస చూశాడు. తన బంకు దగ్గర జన్మలో ఎన్నడూ కనపడనంత వరుస. అతనిలోని పెళ్లికొడుకు తండ్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. బంకు యజమాని లారీ వెనకభాగం ఎక్కాడు.

"పెట్రోలు కావలసినవాళ్లంతా నా వెనకాల రండి! బంకు తెరుస్తున్నాను! ధర మాత్రం ఇవాళ్టిదే!"

ట్రెంట్ స్టీరింగు అందుకున్నాడు. లారీ కదిలింది. దాని వెనక వరుస కదిలింది. షెడ్డులోంచి జనం మూతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి బండ్లెక్కారు. అతిథులూ కదిలారు, ఎందుకంటే ముందున్నవాళ్లు కదిలారు. గడ్డి బండి, దాని వెనక పాస్టరు, అందరికంటే చివర వరుస తప్పకుండా పెళ్లికూతురు. కాసేపటికి వాకిట్లో దుమ్ము, గోడమీద ఇంకా ఊగుతున్న గంట, ఎల్డెన్ చేతిలో తడిగుడ్డ మిగిలాయి.

రోండా కేకు వ్యానులో పెట్టుకుని, తల్లినీ తండ్రినీ ఎక్కించుకుని వాళ్ల వెనకే వెళ్లింది. డ్వెయిన్ బంకులో, ఐసు పెట్టెకూ పంపుకూ మధ్య పెళ్లి జరుగుతోంది. పెళ్లికొడుకు ఒక చేత్తో షెల్బీ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో గడ్డి బండికి పెట్రోలు కొడుతున్నాడు. పెట్రోలుకి వచ్చినవాళ్లు ఎవరూ వెళ్లిపోలేదు. ఒకసారి వైపు చెప్పి, బన్నులు తిన్నాక, వెళ్లిపోవడం మర్యాద కాదనుకున్నారు. ఎవరి వైపు వాళ్లు నిలబడ్డారు. ఓక్లహోమా ఆవిడ పెళ్లికూతురు వైపు నిలబడి, అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

పెళ్లి సవ్యంగానే జరిగింది. కాని క్రౌజ్ షెడ్డులో జరగలేదు.

ఇంటికొచ్చాక ఎల్డెన్ బో విప్పి వంటింటి బల్ల మీద పెట్టాడు. "గార్లెండ్‌కి ఫోను చెయ్యి మార్వా. చేతులు కలిపాం."

గెలిచినందుకు మార్వాకి సంతోషం కలగాలి. కలిగేది కూడా, కాస్త ఓపిక ఉంటే. ఆమె ఫోను తీసి మాట్లాడి పెట్టేసింది. ఎల్డెన్ షెడ్డులోకి వెళ్లి దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు. నెబ్రాస్కా గ్లోబు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు.

సోమవారం పొద్దున లారీ వచ్చింది. గార్లెండ్‌ది కాదు, డ్వెయిన్‌ది.

"నీతో పెద్ద చావొచ్చిపడింది ఎల్డెన్," అన్నాడు దిగుతూనే. "నిన్న పొద్దుట్నుంచీ వచ్చిన ప్రతివాడూ అద్దం తుడిచే పెద్దాయన ఏడీ అని నన్ను నంజుకు తింటున్నాడు. నేను తుడవబోతే నీ చెయ్యి వేరంటున్నారు. నా మిషన్లు కార్డులు గీకుతాయి గాని అద్దాలు తుడుస్తాయా? నీ రేకులు, డబ్బాలు, గంట, బోర్డు అన్నీ మా బంకులో పెట్టుకో. ధర అంకెలు మాత్రం మారుద్దాం. నువ్వు కూడా రా."

ఎల్డెన్ ఒక్కటే అడిగాడు. "గ్లోబు కథ చెప్పొచ్చా?"

"ట్యాంకు నిండేలోపు ఎంత వస్తే అంత."

ఎల్డెన్ పెళ్లాం వైపు తిరిగాడు. సామాను వేలానికి పోవడం లేదు, షెడ్డులో ఉండడమూ లేదు. చేతులు కలిపినప్పుడు ఇది అనుకోలేదు. మార్వా ఒక్క క్షణం ఆలోచించి, "తలుపు పెద్దది తెరవండి, గీతలు పడకుండా మోసుకెళ్లండి," అంది.

మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ అయింది. గార్లెండ్‌కి వద్దని చెప్పారు. ఎల్డెన్ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని లారీ ముందు సీట్లో గ్లోబును ఒళ్లో పెట్టుకు వెళ్లిపోయాడు. మార్వా ఒక కుర్చీ తెచ్చుకుని ఖాళీ షెడ్డు మధ్యలో వేసుకుంది. కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్ల తర్వాత ఆ నేల అంచు నుంచి అంచుకు కనిపిస్తోంది. దులపడానికి ఒక్క డబ్బా లేదు.

రోండా గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. పైనుంచి పడే వెలుతురు చూసింది, నేల చూసింది, చేతులు చాచి గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది.

"అమ్మా! ఇంత విశాలమైన ఖాళీ షెడ్డు. పెళ్లిళ్లకి ఎంత బాగుంటుందో!"

మార్వా కుర్చీలోంచి లేవకుండానే చీపురు ఎక్కడుందో చూసుకుంది.