గురప్ప గారి గ్రహాల బదిలీ

కొత్త యంత్రంలోకి గ్రహాలను బదిలీ చేయుచున్నందున కొద్ది దినములు ప్రజల భవిష్యత్తు నిలిపివేయడమైనదని, అసౌకర్యానికి చింతిస్తున్నామని 2001లో తిరుపతి బస్టాండు ఎదురు సందులో ఒక బోర్డు వెలసింది. చదివినవారెవరూ నవ్వలేదు. కొందరు ఆ కొద్ది దినాలూ ముఖ్యమైన పనులేవీ పెట్టుకోకుండా జాగ్రత్తపడ్డారు కూడా.

బోర్డు పెట్టినవారు గురప్ప గారు, విధాత కంప్యూటర్ జాతక కేంద్రం యజమాని. అంతకుముందు ఆయన ఒక లాడ్జికి మేనేజరు. ఎవరికి ఏ గది దొరుకుతుందో చెప్పడంలో గడించిన అనుభవంతో, ఎవరికి ఏ దశ నడుస్తున్నదో చెప్పే పనిలోకి దిగారు. పంతులు పంచాంగం చూసి చెబితే సందేహించే జనం, అదే మాట చిల్లుల అంచు కాగితం మీద కిర్రుమని అచ్చయి వస్తే కళ్ళకద్దుకునేవారు. కంప్యూటరు గదిలోకి చెప్పులతో ఎవరూ పోరాదు. ఏటా ఆయుధపూజకు గురప్ప గారు పెట్టె విప్పించి, లోపలి హార్డ్ డిస్కుకే నేరుగా పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. చిత్తూరు మొదలు నాయుడుపేట దాకా పెండ్లో, పదవో, పిల్లలో కావలసినవాళ్ళ జాతకాలన్నీ ఆ డిస్కులోనే ఉండేవి మరి.

కొన్నాళ్ళకు డిస్కు టక్కుటక్కుమనసాగింది. “శని కదల్తా ఉండాడు, ఆ సప్పుడే అది” అని గురప్ప గారు వచ్చినవారికి వివరించేవారు. వారు భక్తితో వినేవారు. అయితే ఒకనాడు ఒక పెండ్లికొడుకు ఆయుర్దాయం దగ్గర యంత్రం బిగుసుకుపోయి, ఆ పిల్లవాడి తల్లి సొమ్మసిల్లడంతో, కొత్త కంప్యూటరు కొనక తప్పలేదు.

జాతకాలను పాత డిస్కు నుంచి కొత్తదానిలోకి ఎక్కించడానికి రేణిగుంట నుంచి మునికుమార్ వచ్చినాడు. చెన్నైలో మూడు నెలల కోర్సు చేసినవాడు. ఆత్మవిశ్వాసం మాత్రం మూడేళ్ళ కోర్సుది.

రెండు డిస్కులనూ ఒకే పెట్టెలో తగిలించగానే రెండూ కనిపించకుండా పోయాయి.

“రెండూ మాస్టర్లుగా ఉండాయి సామీ. ఒకదాన్ని స్లేవ్ చెయ్యాల” అని మునికుమార్ డిస్కు వెనక ఉన్న జంపరు అనే గోరంత ప్లాస్టిక్ ముక్కను చూపించాడు.

“స్లేవ్ అంటే?”

“బానిస.”

గురప్ప గారి ముఖం మాడిపోయింది. “పాతదాంట్లో నవగ్రహాలుండాయప్పా. దాన్ని బానిస చేస్తావా? కొత్తదాన్ని చెయ్యి.”

అలాగే చేశారు. కొత్త యంత్రం మొదలు కావడానికే నిరాకరించింది. చివరికి పాత డిస్కుకు గురప్ప గారు లెంపలేసుకుని క్షమాపణ చెప్పుకున్నాక, దాన్నే స్లేవ్ చేశారు. అయినా కొత్త మిషను దాన్ని గుర్తుపట్టలేదు. అంత పాత డిస్కయితే లోపల సిలిండర్లనే వలయాలు ఎన్నో, వాటిని చదివే హెడ్లు ఎన్నో మనుషులే చెప్పాలట. ఆ అంకెలు డిస్కు మీది చీటీలో ఉంటాయి. చీటీ ఏళ్ళ తరబడి పూజలందుకున్న పసుపు కింద ఉంది.

“తడిగుడ్డతో తుడిస్తే కనపడ్తాయి సామీ.”

“బొట్టు తుడిచేది శుభమా? నీకు ఇంట్లో పెద్దోళ్ళు లేరా?”

శుభం కాదని మునికుమార్ కూడా ఒప్పుకున్నాడు. “ఇట్లాటివన్నీ ఒకే లెక్కలే” అంటూ తనకు గుర్తున్న అంకెలు నింపాడు. తెర మీద పేర్లన్నీ వరుసగా కనిపించాయి. కాపీ పూర్తయింది. గురప్ప గారు కొబ్బరికాయ కొట్టారు. సందులోని వ్యాపారులను పిలిచి, మానవుడు చంద్రుడి మీద కాలు పెట్టినాడే గానీ చంద్రుణ్ణి ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చినవాడు ఈ జిల్లాలో తానొక్కడేనని ఉపన్యసించారు. చప్పట్లు బాగా పడ్డాయి.

మునికుమార్ ఇచ్చిన అంకెల్లో ఒకటి తప్పు. అందువల్ల ప్రతి జాతకంలో మొదటి పేజీ ఎవరిది వారికే ఉండి, రెండో పేజీ మాత్రం ఇంకొకరిది వచ్చి అతుక్కుంది. మరునాడు పరీక్షించి చూసినప్పుడు అతనికి సంగతి అర్థమై, గురప్ప గారి చెవిలో వేశాడు. ఆయన ఆలోచించి, “ఎవురన్నా అడిగినారా?” అన్నారు. ఎవరూ అడగలేదు. పైగా వచ్చినవారంతా అచ్చం మా ఇంట్లో జరిగినట్టే ఉందని తలలూపుతూ వెళ్తున్నారు.

ఇలా ఉండగా పూతలపట్టు నుంచి చంద్రకాంతమ్మ వచ్చింది. ఆమె కూతురు పంకజాక్షి ప్రైవేటు బళ్ళో టీచరు. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న ధనంజయ, పంకజాక్షి ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇరువైపులా పెద్దలూ సరేనన్నారు. కానీ కిందటేడు ఇదే కంప్యూటరు ఆ పిల్లకు కుజదోషముందని, పొంతన కుదరదని అచ్చువేసి ఇవ్వడంతో మాటలు ఆగిపోయాయి. తల్లి ఇప్పుడు వేరే సంబంధం కోసం జాతకం మళ్ళీ తీయించింది. రెండో పేజీలో ఇలా ఉంది: జాతకునికి ఎడమ మోకాలి నొప్పి. ఎన్నికలలో స్వల్ప ఆధిక్యత. గడ్డము పెంచరాదు. వివాహ విషయమున దోషము లేదు.

“దోషం పోయిందే” అంది చంద్రకాంతమ్మ, కళ్ళనీళ్ళతో.

“అమ్మా, గడ్డం పెంచకూడదంట” అంది పంకజాక్షి.

“పెంచొద్దులే. ఇంతవరకు పెంచినావా ఏంది?”

పంకజాక్షి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఏడాదిగా తాను ఏడ్చిన ఏడుపంతా ఇలాంటి కాగితం గురించేనని అప్పుడామెకు తెలిసింది. కోపంతో చింపేద్దామనుకుంది. ఆనందంతో ముక్కు తుడుచుకుంటున్న తల్లిని చూసి ఆగి, గురప్ప గారి వైపు తిరిగింది.

“సామీ, ఇది నాదేనా?”

“కంప్యూటరు తప్పు చెప్పదమ్మా” అన్నారు గురప్ప గారు, మునికుమార్ వైపు చూడకుండా.

“అయితే ధనంజయది కూడా తియ్యండి. ఇద్దరికీ పొంతన చూడండి. అదీ తప్పు చెప్పదు కదా.”

ప్రింటరు మెల్లగా కిర్రుమంది. ధనంజయకు సుఖప్రసవమగునని, జంటకు పొంతన ఉత్తమోత్తమమని వచ్చింది. చంద్రకాంతమ్మ సుఖప్రసవాన్ని కోడలిగా పోబోయే తన కూతురికి అన్వయించుకుని, కాగితాన్ని కొంగున కట్టుకుంది. నెల తిరక్కుండానే చిత్తూరులో పెండ్లి జరిగింది. గురప్ప గారు ముందు వరసలో కూర్చుని భోంచేశారు.

అంతా ఇలాగే సుఖంగా సాగేదే. కానీ సర్పంచి పదవికి నిలబడిన చెంగయ్య తన జాతకం తీసుకున్నాడు. ఆయన మోకాలు, ఆధిక్యత అప్పటికే పంకజాక్షికి పోయాయి గనక, ఆయనకు ఆమె రెండో పేజీ వచ్చింది. మర్నాడు ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ కాగితంతో సహా వచ్చి, చెప్పులు విడవకుండానే లోపలికి నడిచింది.

“ఈ మనిషికి కుజదోషమంట, పెండ్లి ఆలస్యమంట. నేను కాపురం చేస్తా ఉండంగా ఏ పెండ్లి సామీ ఆలస్యమయ్యేది?”

గురప్ప గారు శాస్త్రంలోంచి చాలా సమాధానాలు వెతికారు. ఆమె ఒక్కటీ తీసుకోలేదు. ఆ సాయంత్రమే ఆయన కళ్ళు మూసుకుని పక్కకు తిరగ్గా, మునికుమార్ తడిగుడ్డతో డిస్కు బొట్టు తుడిచాడు. అంకెలు కనిపించాయి. జాతకాలన్నీ మళ్ళీ కాపీ చేస్తే ఎవరి పేజీలు వారికి చేరాయి.

ఇక గురప్ప గారికి భయం పట్టుకుంది. ఉపన్యాసాలు మానేసి, స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చారు. సాంకేతిక కారణాల వల్ల కొందరి భవిష్యత్తు ఇతరులకు జారీ అయినదని, అట్టివారు వచ్చి అసలైన దానిని ఉచితంగా పొందవలసినదని. రోజూ దెబ్బలకు సిద్ధపడి కూర్చునేవారు. ఎవరూ రాలేదు.

చివరికి చంద్రకాంతమ్మ వచ్చింది. గురప్ప గారు లేచి నిలబడి, పంకజాక్షి సరైన జాతకాన్ని రెండు చేతులా అందించారు. కుజదోషం మళ్ళీ దాని స్థానంలోకి వచ్చి కూర్చుంది.

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. “ఇది మాకెందుకు సామీ? పిల్ల సల్లంగా ఉండాది. నీళ్ళోసుకునింది కూడా. మా తమ్ముడి కూతురికి సంబంధం కుదర్తా ఉండాది. అప్పుడు మాకిచ్చినట్లాటిది ఇంకోటి తీసియ్యి.”

“అది తప్పు జాతకం కదమ్మా.”

“తప్పో ఒప్పో, కుదిరింది కదా.”

ఆ వెనక ఇంకొందరు వచ్చారు. అందరిదీ అదే మాట. ప్రజాభిప్రాయాన్ని శిరసావహించి గురప్ప గారు కేంద్రంలో రెండు క్యూలు ఏర్పాటు చేశారు. ఉన్న జాతకానికి సర్వదర్శనం, కావలసిన జాతకానికి ప్రత్యేక దర్శనం. సర్వదర్శనం క్యూలో ఇనుప కడ్డీల మీద ఆయన ఇప్పుడు తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారు. రెండో క్యూ సందు దాటి బస్టాండులోకి పోయింది. దాని పొడవెంతో తమరికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ క్యూలో తమరి ముందు ఎంతమంది ఉన్నారో తమరికే బాగా కనిపిస్తున్నది.