పూతలపట్టు అంచనా

ఆ ఉదయం హేమచంద్ర వేసుకున్న పథకం చిన్నదే. ఇడ్లీ తిని, చిత్తూరులో తాను పనిచేసే ఆరోగ్య కార్యాలయానికి అందరికంటే ముందు చేరి, మోనిక అంచనా తప్పని తేల్చెయ్యాలి.

ఏ ఊళ్ళో ఎంతమందికి డెంగ్యూ వస్తుందో చెప్పడం ఏళ్ల తరబడి అతని పని. మొన్న చేరిన మోనిక కంప్యూటర్లో ఏవో గీతలు గీసి, "ఈ నెల పూతలపట్టులో ఒక కేసు రావచ్చు మేడం. ఊళ్ళనుంచి లెక్కలు సరిగ్గా రాలా, కచ్చితంగా తెలీదు" అంది. పెద్ద డాక్టరు కృపామణి మురిసిపోయి, ఎవరి అంచనా నిజమైతే వాళ్ళే విజయవాడ సమావేశానికి వెళ్తారని ప్రకటించింది. తెలీదన్నందుకు మెప్పా! ఇన్నేళ్ళూ తెలియకపోయినా తెలిసినట్టే చెప్పుకొచ్చిన హేమచంద్రకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

కార్యాలయం చేరగానే పూతలపట్టు కూడలిలో మందుల షాపు దామోదరానికి ఫోన్ చేశాడు.

"అప్పా, జరం మాత్రలు ఎట్లా పోతాండాయి?"

"అడగొద్దు సార్, పెట్టెలు పెట్టెలు పోతాండాయి!"

కొనేదెవరని హేమచంద్ర అడగలేదు. అడిగితే ఆనందం తగ్గుతుందేమోనని భయం.

"మేడం, పూతలపట్టు మంచం పట్టిండాది! నూటికి తక్కువ ఉండరు" అన్నాడు కృపామణి రాగానే, మోనిక వినేటట్టు.

మర్నాడే పూతలపట్టు రోడ్డు పక్కన షామియానా వేసి, హేమచంద్ర చూసుకునేటట్టు జ్వరాల శిబిరం పెట్టారు. శిబిరం చూసి ఊరు బెదిరింది. జ్వరం లేనివాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని మాత్రలు కొన్నారు. అమ్మకం పెరిగింది కాబట్టి హేమచంద్ర అంచనా పెరిగింది. అంచనా పెరిగింది కాబట్టి దోమల పొగబండి వచ్చింది. ఆ పొగ కబురు విని పక్కనున్న పాకాల వాళ్ళూ మాత్రలు కొన్నారు.

"పాకాల దాకా పోయిండాది మేడం!" అని ఫోన్లో కేకేశాడు. మోనిక మొహం ఎలా ఉందో చూడలేకపోయానే అని మాత్రం బాధపడ్డాడు. ఒక్క రోగి తప్పిపోయినా మోనికే గెలుస్తుందని రోజూ చీకటి పడేదాకా మురికికాలువ పక్కనే కుర్చీ వేసుకుని, షామియానాలో కూర్చున్న వాళ్ళందరినీ రోగుల కింద రాసుకున్నాడు.

పది రోజులకు కృపామణి, మోనిక వచ్చారు. రక్తపరీక్షల్లో ఒక్కరికీ డెంగ్యూ లేదు.

"మరి నీకేమైందమ్మా?" అని వరుసలో ముందున్న తిరుమలమ్మను డాక్టరు అడిగింది.

"నాకేమి తల్లీ? గుడియాత్తం నుంచి స్వామి కొండకు మొక్కుబడికి నడిచి పోతాండాము. కాళ్ళనొప్పికి ఆ జరం మాత్రే ఏసుకున్నాము. పందిరి కనబడితే కూసున్నాము. అన్నం ఎప్పుడు పెడతారు?"

"నడిచేటోళ్ళే కదా సార్ మొదట్నుంచీ కొనింది" అన్నాడు దామోదరం. "మీరు అడగలా."

హేమచంద్ర గడగడా వణికాడు. అవమానం అనుకున్నాడు. చెయ్యి పట్టి చూసిన కృపామణి సూది తీసింది. రక్తపరీక్షలో డెంగ్యూ!

ఆస్పత్రి మంచం మీద కూడా అతని కుళ్ళు చల్లారలేదు.

"మోనికమ్మా, నన్ను పూతలపట్టులో ఒకటిగా రాయొద్దు, చిత్తూరు లెక్కలో ఎయ్యి తల్లీ!"

"కుట్టిన దోమ ఏ ఊరిదైతే ఆ ఊరి లెక్కలోనే ఎయ్యాలని మీరే నేర్పించినారు కదా సార్."

"నిన్ను కుట్టింది ఏ ఊరి దోమప్పా?" అంది కృపామణి.

హేమచంద్ర ఉద్యోగంలో చేరాక మొదటిసారి, "కచ్చితంగా తెలీదు మేడం" అన్నాడు.

ఎవరూ మెచ్చుకోలేదు.