బటన్ల బాబాయిపై జాజ్ దండయాత్ర

గురువారము. సాయంకాలము ఆరు గంటల ఇరవై నిమిషములు. సకల శబ్దములను నోటితో గ్రహించు మైకులకు మ్రొక్కి, సకల రూపములను కంటితో మ్రింగు కెమెరాలకు మ్రొక్కి, ఆ రెంటిని మోసికొనిపోయి లక్ష యిండ్ల ముందుగదులలో దింపివచ్చు ఏకపాద తపస్వి యగు యాంటెన్నాకు మరియొక మ్రొక్కు మ్రొక్కి, ఒకానొక చిన్న టీవీ కేంద్రపు రెండవ అంతస్తులో, ఏసీ చలికి తువ్వాళ్లు కప్పుకొన్న మహావీరుల నడుమ జరిగిన మహాసంగ్రామమును చెప్పుచున్నాను. చెవులున్నవారు వినుడు. చేత రిమోటున్నవారు దానిని కాసేపు క్రింద పెట్టుడు.

ఈ కథకు నాయిక చిన్న మేడమ్. ఆ కేంద్రములో కార్యక్రమములు తయారుచేయువారిలో అందరికన్న చిన్నది, అందరికన్న తక్కువ మాట్లాడునది. జాజ్ అను సంగీతము పేరైన విననివారికి దానిని టీవీలో పరిచయము చేసెదనని పంతము పట్టి, ప్రతి గురువారము ఆరున్నర నుండి అరగంట కాలమును సంపాదించెను. "అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. కానీ ఒకరినొకరు వింటూనే ఉంటారు" అని మొదటి వారమే ప్రేక్షకులకు విన్నవించెను. అంతవరకు బాగుగనే యుండెను. కాని ఆ సంగీతములో నిశ్శబ్దమును కూడ వాయింతురని చెప్పుట మరచెను. ఆ మరపే యుద్ధమునకు మూలమయ్యెను.

ఏలన, ఆ కేంద్రపు స్విచ్చింగ్ గదిలో, నక్షత్రమండలము వలె మినుకుమను బటన్ల నడుమ, గిర్రున తిరుగు కుర్చీ నధిష్ఠించి, ముప్పదియొక్క సంవత్సరములుగా ప్రసారమును కంటికి రెప్పవలె కాచుచున్న బటన్ల బాబాయి యుండెను. ఏ కెమెరా చూపునది ఇండ్లకు చేరవలెనో నిర్ణయించునది ఆయన వ్రేలే. ఆయన తలపై గోడకు ఒక కాగిత మతికింపబడి యుండెను: "ఐదు సెకన్లు శబ్దం లేకపోతే కార్డు వెయ్యాలి." కార్డనగా, "అంతరాయానికి చింతిస్తున్నాం" అను అక్షరములతో, పూలకుండీ బొమ్మతో, పిల్లనగ్రోవి నాదముతో తెరనంతయు కప్పివేయు మహాస్త్రము. దానిని ప్రయోగించు ఎర్ర బటను బాబాయి బొటనవ్రేలి రాపిడికి నున్నబడి, పైనున్న అక్షరము ఎన్నడో అరిగిపోయెను.

మొదటి వారము పాట నడుమ నలుగురు వాద్యకారులును ఒక్కపెట్టున ఆగిరి. ఆరవ సెకనున తెరమీద పూలకుండీ మొలిచెను. రెండవ వారమును అదే గతి. నలువదిమూడు ఫోన్లు వచ్చెను, అన్నిటను ఒకటే ప్రశ్న: "రిపేరు అయిందా?"

స్టేషన్ డైరెక్టరు చిన్న మేడమును పిలిపించి, కళ్లజోడు నుదుటిపైకెత్తి, శాసనము వెలువరించెను.

"చూడమ్మా, జాజో గీజో నాకు తెలీదు. ఇవాళ కూడా రిపేరు ఫోన్లే వస్తే, ఆ అరగంటలో ప్రెషర్ కుక్కర్ వాడకం చూపిస్తాం. కుక్కరైతే టైముకి కూస్తుంది."

కావున మూడవ గురువారమున, ప్రసారమునకు పది నిమిషములు ముందు, చిన్న మేడమ్ శత్రుదుర్గమున ఒంటరిగా ప్రవేశించెను.

"బాబాయ్, ఒక్క మాట."

"చెప్పు తల్లీ. కార్డు గురించి మాత్రం వద్దు."

"కార్డు గురించే."

అంతట ఆ బటన్వీర శిరోమణి, తోక త్రొక్కబడిన త్రాచువలె కుర్చీతో సహా గిర్రున తిరిగి, తువ్వాలు దులిపి, ఇట్లు గర్జించెను:

"అమ్మాయ్! నేనీ కుర్చీలో కూర్చున్న రోజున నా జుట్టంతా నలుపు. మంత్రిగారు మాట మర్చిపోయి నోరు తెరిస్తే కార్డేశాను. నాటకంలో హీరోయిన్ ఏడుపు రాక నిలబడిపోతే కార్డేశాను. అంతెందుకు, మీ పిన్నితో మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా ఐదు సెకన్లు దాటనివ్వలేదు, ఎండల గురించి ఎత్తుకున్నాను. ఆరో సెకను ఎలా ఉంటుందో ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ జనానికి తెలీదు. నేనుండగా తెలియనివ్వను!"

"వాళ్లు ఆగిపోవట్లేదు బాబాయ్. లోపల లెక్కపెట్టుకుంటున్నారు."

"లోపలా? నాకు కనపడదే!"

"కనపడితే?"

"కనపడితే చూద్దాం. కనపడని లెక్కలకి నేను పూచీ పడను."

ఈ మాట విని చిన్న మేడమ్ ఎదురాడలేదు. ఆమె రెండు వారములుగా అభ్యాసవేళ స్టూడియో మూలన స్టూలు వేసికొని కూర్చుండి, వాద్యకారుల ముఖములను, వ్రేళ్లను, మోకాళ్లను, తుదకు పాదములను సైతము ఓపికతో పరికించియున్నది. ఆ పరిశీలనాఫలమును స్మరించి, మెట్లు రెండేసి చొప్పున దిగి, మూడవ కెమెరాను నడుపు పొడుగన్నను సమీపించెను.

"అన్నా, వాళ్లు ఆగినప్పుడు నీ కెమెరా డ్రమ్ములాయన ఎడమకాలి మీద పెట్టవా?"

"కాలి మీదా? మొహం బాలేదా?"

"మొహంలో ఏమీ లేదన్నా. అంతా కాల్లోనే ఉంది."

బూట్లు విప్పి వాయించు అలవాటు గల ఆ డ్రమ్ముల యోధుడు సిగ్గుతో తలవంచెను. "మేడమ్, సాక్సుకి చిల్లుందండీ. బొటనవేలు బయటికొచ్చింది."

"రానివ్వండి" అనెను చిన్న మేడమ్.

ఆరున్నర అయ్యెను. ఎర్ర దీపము వెలిగెను. శాక్సఫోను మత్తగజము వలె ఘీంకరించెను. పియానో వడగండ్లవాన కురిపించెను. నిలువెత్తు బేసు భూగర్భమున గొణిగెను. డ్రమ్ములు ఆ మూడింటిని వెనుకనుండి తోలువానివలె అదలించెను. ఇరువది నిమిషములు ఇట్లు ఘోరరణము సాగిన పిదప, ప్రళయానంతర సముద్రము వలె, సమస్తము ఒక్కసారిగా సద్దణగెను.

"మూడో కెమెరా, బాబాయ్" అని, మరల మెట్లెక్కివచ్చి వెనుక నిలిచిన చిన్న మేడమ్ మెల్లగా పలికెను.

బాబాయి ఎడమచేతి వ్రేలు మూడవ కెమెరాను నొక్కెను. కుడిచేతి బొటనవ్రేలు, గ్రద్ద కోడిపిల్లపై వ్రేలాడునట్లు, ఎర్ర బటనుపై వ్రేలాడెను. తెరనిండ ఒక పాదము! వ్రేళ్లు కదలవు, మడమ మాత్రము లేచుచున్నది, వాలుచున్నది, చప్పుడు లేదు. ఒకటి. రెండు. బాబాయి పెదవులు తెలియకుండగనే కదలెను. మూడు. నాలుగు. ఐదు.

తలుపు దభాలున తెరచికొనెను. "కార్డు! కార్డెయ్యండి! నిద్రపోతున్నారా?" అని స్టేషన్ డైరెక్టరు హుంకరించెను.

"ఉండండి సార్, లెక్క తప్పుతుంది!" అనెను బాబాయి.

ఆరు. ఏడు. ఎనిమిది. మడమ నేలనానెను, ఆ క్షణముననే శాక్సఫోను మరల విరుచుకొని పడెను. బాబాయి బొటనవ్రేలు గాలిలోనే యుండెను.

అప్పుడు ఫోను మ్రోగెను. చిన్న మేడమ్ కన్నులు మూసికొనెను. డైరెక్టరు స్పీకరు నొక్కి, "రిపేరు గురించేనా అమ్మా?" అని అడిగెను.

"రిపేరేంటండీ?" అని ఒక గృహిణి కంఠము గదిలో ఖంగుమనెను. "ఆ కాలి గురించి! ఇంటిల్లిపాదీ దాంతోపాటు లెక్కపెట్టాం. నేను ఎనిమిదంటాను, మా ఆయన ఏడంటారు. మా అత్తగారు ఎప్పట్లాగే కొడుకు వైపు. ఇంతకీ ఎంత?"

డైరెక్టరు బాబాయి వైపు తిరిగెను. బాబాయి తెరలనుండి చూపు మరల్పకయే మెడ చాచి కేకవేసెను: "ఎనిమిదమ్మా! నేను దగ్గరుండి లెక్కపెట్టాను!"

"విన్నారా? టీవీ ఆయనే చెప్తున్నాడు!" అని ఆమె లోపలికి అరచి, మరల ఫోనులోనికి వచ్చెను. "నమ్మట్లేదండీ మా ఆయన. మళ్లీ ఎప్పుడు ఆగుతారు వాళ్లు?"

డైరెక్టరు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకొని, చిన్న మేడమును ఒకసారి చూచి, "వచ్చే గురువారం, ఆరున్నరకి" అనెను.

ఆ సాయంకాలము మరి రెండే ఫోన్లు వచ్చెను. ఒకటి, డ్రమ్ములాయనకు మంచి సాక్సులు తొడగరాదా యని ఒక ముసలమ్మ మందలింపు. ఇంకొకటి రాంగ్ నంబరు. రిపేరు మాట ఎత్తినవారు లేరు. ఏడని వాదించిన గృహస్థు మాత్రము నేటికిని ఓటమి నొప్పుకొనలేదని వినికిడి.

వినుడు! నెత్తురు చుక్క చిందకుండ, ఎర్ర బటను నొక్కకుండ, ముప్పదియొక్క సంవత్సరములుగా ఎవరును అడుగిడని ఆరవ సెకను, ఏడవ సెకను, ఎనిమిదవ సెకను అను మూడు మహారాజ్యములు ఆ గురువారము జాజ్ వశమయ్యెను. మూడు సెకన్లు! నిండు మూడు సెకన్లు! జయము, జయము!