శారద టీచర్ కుడిచెయ్యి

ముందే ఒక మాట. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, అదీ మనవరాలి పలక మీద. ఎక్కడైనా ఒత్తు తప్పితే, కథ మెల్లగా నడిస్తే మన్నించండి. తొందరపడి రాస్తే నా గీత నాకే అర్థం కాదు.

ఆ రోజు పొద్దున శారద అనుకున్న పని చిన్నదే. కుడి అరచేతిలో పది రూపాయల బిళ్ళ దాచుకుని, పొద్దుగూకేదాకా ఎవరికీ తెలియకుండా తిరగాలి.

దమ్మపేట దాటి అడవి అంచున ఉన్న ఊళ్ళో శారద అంగన్‌వాడీ టీచర్. కొత్తగా ఒక ప్రైవేటు బడి వ్యాను పాటలు పెట్టుకుని ఊళ్ళోకి రావడం మొదలైన దగ్గర్నుంచి ఆమె సెంటర్లో చాపలు ఖాళీగా పడి ఉంటున్నాయి. "గురువారం వస్తా. పిల్లలు ఇట్లనే ఉంటే నీ సెంటర్‌ను పక్క ఊళ్ళె కలుపుతరు," అని సూపర్‌వైజర్ మేడం చెప్పి పోయింది. పిల్లల్ని వ్యాను దింపాలంటే పాటకు మించింది ఏదో కావాలి. ఫోనులో ఒకాయన బిళ్ళను మాయం చేయడం చూసి, శారద అదే పట్టుకుంది.

చూడ్డానికి తేలిక. బొటనవేలి కింది కండకీ చిటికెనవేలి కింది కండకీ మధ్య బిళ్ళను ఇరికించి, వేళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు వదులుగా ఉంచాలి. శారద వేళ్ళు వదిలితే బిళ్ళ జారేది, బిళ్ళను గట్టిగా పట్టుకుంటే వేళ్ళు కొయ్యబారేవి. "రోజంతా చేతిలో పెట్టుకునే పనులు చేసుకోండి, ఎవరికీ చెప్పకండి," అన్నాడు ఫోనాయన. అత్త కళావతమ్మకు అసలే చెప్పకూడదు. ఆమెకు చెప్పిన మాట ఆమెకంటే ముందే సంతకు పోతుంది.

మొదటి తప్పు చాయ్ దగ్గర జరిగింది. శారద గ్లాసును ఎడమ చేత్తో అందించింది.

"ఏందే, ఎడం చేత్తోనిస్తున్నవ్? నేనేమన్నన్నానా నిన్ను?"

"ఏం... లే... దత్తమ్మా," అంది శారద. మనసంతా అరచేతిలో ఉండడంతో మాట ముక్కలైంది. బిళ్ళ జారబోతే కింది పెదవిని ఒక పక్కకు కొరికిపట్టింది.

కళావతమ్మ గ్లాసు కింద పెట్టి కోడల్ని ఎగాదిగా చూసింది. వంకర పోయిన మూతి, కొయ్యబారిన చెయ్యి, తడబడే మాట. ఆమె తమ్ముడికీ ఇలాగే మొదలైంది.

"ఓ కన్నమ్మా, జల్దీ రావే. మా శారదకు పచ్చవాతం కొట్టింది."

పక్కింటి కన్నమ్మ చేతిలో చీపురుతోనే వచ్చింది. "నిన్న సాయంత్రం గూడ మంచిగనే ఉండె గద వదినా. పావురం నెత్తురుతోని మర్దన చేస్తె నరం లేస్తది."

"నాకేం కాలేదు, అత్తమ్మా."

"మా తమ్ముడు గూడ గట్లనే అన్నడు."

శారద భర్త బాలకృష్ణ చేనికి పోబోయేవాడు కాస్తా పావురం కోసం పరుగెత్తాడు. శారద తప్పించుకుని సెంటర్‌కు వెళ్ళేసరికి వార్త ఆమెను దాటి పోయింది. ఆడవాళ్ళందరూ పిల్లల్ని చంకనేసుకుని, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని పరామర్శకు వచ్చేశారు. బయట వ్యాను హారను కొట్టి కొట్టి ఖాళీగా పోయింది. బిళ్ళను కొంగులో వేసేద్దామంటే ఊరి కళ్ళన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి. పిల్లల ముందు చెయ్యి విప్పితే విద్య మొదలుకాకుండానే ముగిసిపోతుంది. తను ఆరోగ్యంగా ఉండి రోగిలా నటిస్తోందో, రోగమే వచ్చి బాగున్నట్టు నటిస్తోందో శారదకే తెలియకుండా పోయింది.

అంతలో సూపర్‌వైజర్ మేడం స్కూటీ దిగింది. ఎవరో ఫోన్ చేశారట.

"చెయ్యి పడిపోతే పిల్లలకు ఎట్ల వండి పెడ్తవమ్మా? నువ్వు దవాఖానల చూపించుకో. సెంటర్ సంగతి నేను పైకి రాస్త."

"మేడం, ఇంతమంది పిల్లలున్నరు చూడుండ్రి."

"వాళ్ళు నిన్ను చూడనీకె వచ్చిండ్రు. సదువుకోనీకె గాదు."

కన్నమ్మ ఊరుకోలేదు. పసరు వైద్యుడు బొజ్జయ్యను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఎవరి ఒంట్లో ఏ నొప్పి ఉన్నా ఒక ముల్లు బయటికి తీసి చూపిస్తాడని ఆయనకు చుట్టుపక్కల పేరు. ఆయన శారద చేతికి పసరు రాసి, మణికట్టు నుంచి కిందికి నొక్కుతూ వచ్చి అరచేతి దగ్గర ఆగిపోయాడు. చెవి దగ్గరికి వంగాడు.

"ఏంది బిడ్డా గిది?"

"కనికట్టు, తాతా. పిల్లలు రావాలని నేర్చుకుంటున్న. నీకు దండం పెడ్త, చెప్పకు."

"బొటనేలు గట్ల లేపి పెడ్తే గుడ్డోనికి గూడ ఎరుకైతది. వదులు చెయ్."

పైకి మాత్రం ఏవో మంత్రాలు గట్టిగా చదివాడు. శారద చేతిని ఒక్కసారి దులిపి, విప్పి అందరికీ చూపించాడు. అరచేతిలో పసరు తప్ప ఏమీ లేదు. ఆయన పిడికిట్లోంచి పొడుగాటి తుమ్మముల్లు కింద పడింది.

జనం నోళ్ళు తెరిచారు. అందరికంటే పెద్దగా తెరిచింది శారద. అరచెయ్యి తిప్పి చూసుకుంది, చాప ఎత్తి చూసింది, చీర దులుపుకుంది. బిళ్ళ లేదు.

"మళ్ళ చెయ్ తాతా," అని పిల్లలు ఆయన పంచె పట్టుకున్నారు.

"ముల్లు పోయింది గని బలం రాలే," అన్నాడు బొజ్జయ్య తల్లుల వంక చూస్తూ. "రోజు పొద్దుగాల పిల్లలందరు వచ్చి టీచరమ్మ చెయ్యి పట్టాలె. పసిచెయ్యి తగిల్తెనే నరం కుదురుతది."

"అవ్, తోల్కొస్తం," అన్నారు తల్లులు. కళావతమ్మ అయితే ఇల్లిల్లూ తిరిగి చెబుతానంది. మేడం శారద వేళ్ళను ఒక్కొక్కటిగా వంచి చూసి, పిల్లల్ని చూసి, "పైకి రాసేదేం లేదు గని, నాకు మోకాలు నొప్పున్నది తాతా," అంది. అప్పుడు వచ్చాడు బాలకృష్ణ, చొక్కాలో పావురాన్ని దాచుకుని. అది దేనికో అప్పటికి ఎవరికీ గుర్తులేదు. పిల్లలు దానికి నూకలు వేశారు.

జనం పోయాక శారద బొజ్జయ్యను పక్కకు పిలిచింది.

"తాతా, నా బిళ్ళ?"

"ఏ బిళ్ళ?" ఆయన రెండు చేతులూ చాపి, తిప్పి చూపించాడు. ఖాళీ. "పసరు మంచిగనే పనిజేస్తది బిడ్డా. ముల్లు కనబడంది జనం నమ్మరు. గది సరే, ఆ ఫోన్ల ఇంకా ఏమేం నేర్పుతరు?"

సెంటర్లో ఇప్పుడు చాపలు చాలడం లేదు. పిల్లలు శారద చెయ్యి పట్టుకుని లోపలికి వస్తారు, వాళ్ళ వెనక గోడకు ఆనుకుని బొజ్జయ్య కూర్చుంటాడు. హాజరు పట్టీలో పేరు లేనిది ఆయనొక్కడికే, రోజూ టైముకు వచ్చేదీ ఆయనొక్కడే.

దారెల్లి సంపూర్ణ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది పెనుబల్లిలో, చిన్న కూతురి దగ్గర.