పామర్రు రైతుకు వరి చేను చూపించడం ఎలా?

విదేశాలకు వెళ్ళి ఏమీ చూడకుండా తిరిగి రావాలంటే ఒకటే మార్గం. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్ళండి! ఇది ఫిర్యాదు కాదు, సిఫార్సు.

నేను పద్ధతైన మనిషినని విజయవాడలో మా వీధంతా ఒప్పుకుంటుంది. అందుకే బాలి యాత్రకు మూడు నెలల ముందే టైమ్‌టేబుల్ వేసి, లామినేషన్ చేయించాను. ఆరూ పదికి సూర్యోదయం. ఆరూ నలభైకి ఫొటోలు. ఏడు నుంచి ఏడుంబావు దాకా అమ్మ ఆశ్చర్యపోవడం.

నాన్నకు మాత్రం టైమ్ పెట్టలేదు. ఆయన ఎప్పుడైనా సరే, "బాగుందమ్మాయ్" అంటే చాలు. యాభై ఒక్క ఏళ్ళుగా నేను చేసిన ఏ పనికీ ఆ మాట రాలేదు. పెసరట్టుకీ రాలేదు, పీహెచ్‌డీకీ రాలేదు. విదేశానికైనా రాదా?

మొదటి రోజు సముద్రం చూపించాను.

"హంసలదీవిలో కూడా ఇంతేగా" అంది అమ్మ.

రెండో రోజు అగ్నిపర్వతం.

"వేడి చూడ్డానికి ఇంత దూరమెందుకే? మే నెల్లో బెజవాడ చాలదూ?" అన్నారు నాన్న.

చూశారా, ఎంత లాభమో! ప్రపంచంలోని వింతలన్నీ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

మూడో రోజు ప్రఖ్యాతమైన మెట్ల పొలాలు. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుంటుంటే నాన్న నిలబడిపోయారు.

"పామర్రోణ్ణి. వరి చేను చూడ్డానికి నాకు టిక్కెట్టా?"

ఎలాగో లోపలికి తోశాను. కెమెరా సరిచేసుకుని తలెత్తేసరికి నాన్న లేరు. కింద మడిలో ఉన్నారు! నేను కొనిచ్చిన కొత్త ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, గట్టుకు పడిన ఎండ్రకాయ బొరియను మట్టితో పూడుస్తున్నారు.

"నాన్నా, పైకి రండి! పోలీసులొస్తారు!"

"నీళ్ళు పోతుంటే చూస్తూ ఊరుకుంటారటే!"

వచ్చింది పోలీసులు కాదు, ఆ పొలం రైతు. నేను ఇంగ్లీషులో క్షమాపణలు చెబుతూనే ఉన్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి, నాన్న పక్కన దిగి తానూ కాలితో మట్టి తొక్కాడు. గంటన్నర మాట్లాడుకున్నారు. నాన్న తెలుగులో, ఆయన ఆయన భాషలో. ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్ళు దిగే తీరు ఆయన చూపిస్తుంటే, నాన్న ఆయన భుజం తట్టి, "బాగుందయ్యా! చాలా బాగుంది!" అన్నారు.

రెండుసార్లు! నా ముందే!

అమ్మ అప్పటికే ఆ రైతు భార్య పక్కన చేరి, పూజకు కొబ్బరాకు దొన్నెలు కుడుతోంది. ఫొటోలు తీయడానికి మిగిలింది నేనొక్కదాన్నే. సెల్ఫీలో నా వెనక వాళ్ళు నలుగురూ నవ్వుతున్నారు.

కాబట్టి పాఠకులారా, పెద్దవాళ్ళతో తిరగడం మహా అదృష్టం. వాళ్ళకు భాష అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు. ఇంకెవరు అక్కర్లేదో ఇంటికొచ్చాక తెలిసింది.

"కోతలకి మళ్ళీ వెళ్తాం" అన్నారు నాన్న ఫోన్లో. "టిక్కెట్లు మా ఇద్దరికే చెయ్యి. నువ్వు ఎండకి తట్టుకోలేవు."

మూడు వారాలుగా సైటు పనిచెయ్యడం లేదని చెబుతున్నాను. నిన్న మళ్ళీ ఫోన్.

"నువ్వు కంగారు పడకమ్మాయ్. పక్కింటి స్టెల్లా టీచరు ఐదు నిమిషాల్లో చేసిపెట్టింది. ఎంత బాగా చేసిందనుకున్నావ్!"